తాళం వెయ్యకూడని ఇల్లు

మచిలీపట్నం,
14 అక్టోబరు 2025.

ప్రభావతి వదినకు సత్యవేణి నమస్కారాలు.

అన్నయ్యా, మీరూ, పిల్లలూ బాగున్నారని తలుస్తున్నాను. మేమూ బాగున్నామని రాయడం మర్యాదే గాని, ఈసారి చెయ్యి రావడం లేదు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటా అనుకుంటారు. మాకున్నది ఒక గదీ, వంటిల్లూ. ఎక్కడ నిలబడి మాట్లాడినా లిఖితకు వినపడుతుంది. ఏడేళ్ల పిల్ల వినాల్సిన సంగతులు కావివి.

మీరు గృహప్రవేశానికి వచ్చినప్పుడు ఎండాకాలం. గోడలు తెల్లగా ఉన్నాయి. గొడుగుపేటలో పదకొండేళ్లు అద్దెకున్నవాళ్లకు ప్రభుత్వం సొంత ఫ్లాట్ ఇచ్చిందని అందరికంటే మీరే ఎక్కువ సంతోషించారు. లాటరీలో కింది అంతస్తు వస్తే మెట్లెక్కే బాధ తప్పిందనుకున్నాం. వానలు పడ్డాకే తెలిసింది, ఊరి నీళ్లన్నీ చేరే పల్లంలో ఈ కాలనీ కట్టారని. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య రెండు బారల ఎడం. ఆ సందులో జూలై నుంచి నీళ్లు కదలడం లేదు. కిటికీ తెరిస్తే దోమలూ, కంపూ. మూస్తే ఊపిరాడదు. గోడ నడుమెత్తు దాకా చెమ్మ పాకి నల్లగా బూజు పట్టింది. బ్లీచింగ్ పెట్టి కడుగుతాను. వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది.

లిఖితకు ఆగస్టులో పిల్లికూతలు మొదలయ్యాయి. పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ ముద్ద వదిలేసి నా చీర పట్టుకుంది. మాట రాలేదు. పెదాలు నీలంగా మారాయి. ఆటో అతను ఆ నీళ్లల్లోకి రానన్నాడు. రాజీవ్ దాన్ని భుజాన వేసుకుని మోకాలి లోతు నీళ్లలో రోడ్డు దాకా పరిగెత్తారు. వెనకాల నేను. ఆయన వీపు మీద దాని చెయ్యి వేలాడుతోంది. ఆ కాసేపట్లో ఏ దేవుడికి ఏం మొక్కానో నాకే గుర్తులేదు.

ఆసుపత్రిలో దానికి ఊపిరి సర్దుకున్నాక డాక్టరమ్మ ఇల్లెలా ఉంటుందని అడిగింది. చెప్పాను. మందులు నేను రాస్తానమ్మా, ఇల్లు నువ్వు మార్చాలి, లేకపోతే ఇలా వస్తూనే ఉంటావు అంది.

మార్చడమెలా వదినా? ఫ్లాట్ ఎవరి పేర ఇచ్చారో వాళ్లే అందులో ఉండాలి. తనిఖీలో తాళం కనబడితే నోటీసు, ఆ తర్వాత రద్దు. ఎదురు ఫ్లాట్ బసవయ్య గారు ఉన్నారే, గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన పెద్దాయన, ఆయనకు విడవని దగ్గు. ఒంటరి మనిషి. మంచాన పడితే కూతురు వచ్చి పెదపారుపూడి తీసుకెళ్లింది. ఇరవై రోజులకు తలుపు మీద నోటీసు అంటించారు. అది చూసిన దగ్గర్నుంచి రాజీవ్‌కు ఒకటే భయం. మళ్లీ అద్దెకు పోదామని నేనంటే, ఇది పోతే ఈ జన్మలో ఇంకో ఇల్లు రాదు సత్యా అనేవారు.

వార్డు సచివాలయంలో హరిచందన అని ఒకమ్మాయి ఉంది. పై అంతస్తుకు మార్చమని అర్జీ ఇస్తే మొత్తం చదివి, ఈ ఫారంలో జబ్బు రాయడానికి గడే లేదక్కా అంది. కాగితం వెనకవైపు తనే రాసి పైకి పంపింది. జవాబు లేదు. ఇరవై రెండున తనిఖీ ఉందట. ఇల్లు మీ పేరునే ఉంది, ఆ రోజు మీరొక్కరుండి వేలిముద్ర వేస్తే చాలక్కా అని మాత్రం చెప్పింది.

అందుకే అడుగుతున్నాను. లిఖితను కొన్నాళ్లు గుడివాడలో మీ దగ్గర ఉంచుకోండి. మీ మేడ గదికి ఎండా, గాలీ వస్తాయి. శనివారం రాజీవ్ బస్సులో తీసుకొస్తారు. పీల్చే మందు ఎలా పట్టించాలో కాగితం మీద రాసి సంచిలో పెడతాను. కాదనకండి.

మీ ఆడపడుచు
సత్యవేణి

తా.క.: పైన రాసిందంతా నిజమే గాని, అది సగమే. మిగతాది తెలిస్తే పిల్లను వద్దంటారేమోనని భయపడ్డాను. దాచిపెట్టి మీ ఇంటికి పంపడం ఇంకా తప్పనిపించి, కవరు అంటించబోతూ ఆగి రాస్తున్నాను. బసవయ్య గారిది టీబీ అట. కూతురు వచ్చేదాకా ఆయనకు రోజూ గంజి ఇచ్చివచ్చింది నేనే. నెల నుంచి నాకూ దగ్గు. శుక్రవారం కళ్లె పరీక్షలో నాకూ ఉందని తేలింది. మందులు మొదలుపెట్టారు, ఆరు నెలలు వాడాలి. రాజీవ్‌కూ లిఖితకూ పరీక్షలు చేశారు, ఇద్దరికీ లేదు. పిల్లకు ముందుజాగ్రత్తగా మందు ఇచ్చారు. లిఖితవల్ల మీ పిల్లలకేమీ రాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇది విన్నాక ఇల్లు పోతే పోయింది, వెళ్లిపోదాం పద అన్నారు రాజీవ్. ఈసారి కాదన్నది నేను. నాకేమైనా అయితే పిల్లకు ఈ గోడలైనా ఉండాలి కదా వదినా.

శుక్రవారం నుంచి దాన్ని దగ్గరికి రానివ్వడం లేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని అన్నం పెట్టి దూరం జరుగుతున్నాను. అమ్మకు నామీద కోపమెందుకని నిన్న వాళ్ల నాన్నను అడిగిందట. కోపం కాదని చెప్పబోతే నాకు ఏడుపు ఆగడం లేదు. మీరే దానికి చెప్పండి.