పసుపంటని చేతులు

ముప్కాల్, ఆదివారం

తమ్ముడు మోషేకు,

ఫోన్ చేస్తే బాపు వింటాడని ఉత్తరం రాస్తున్నాను. నువ్వు టీవీకి రాస్తున్న డిటెక్టివ్ సీరియల్ మీద ఈరోజు చర్చి ముందే పంచాయితీ అయింది. "మొదట్ల మంచిగుండె. ఇప్పుడు గా డిటెక్టివ్ పాటలు పాడుకుంట తిరుగుతుండు. గా చేతుల ముచ్చట మీ తమ్ముడు మరిసిండా?" అని పక్కింటి లక్ష్మవ్వ నన్ను నిలదీసింది.

నాలుగో భాగంలో నీ డిటెక్టివ్ ఎంత సూటిగా అడిగాడు! పొద్దంతా పసుపు కొమ్ములు విరిచిన మనిషి బావిలో పడి చనిపోతే, అరచేతులు తెల్లగా ఎందుకున్నాయని. పసుపు మూడు రోజులు తోమినా పోదని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. అమ్మనూ బావిలోంచే కదా తీశారు. శవపెట్టెలో అమ్మ చేతులు జోడించింది మనిద్దరమే. అవి తెల్లగా ఉండటం నువ్వూ గమనించావని పదకొండేళ్ల తర్వాత ఆ భాగం చూసిన రోజే తెలిసింది. అమ్మ ఆ పొద్దు పసుపు పనికి పోయిందని చెప్పింది బాపు ఒక్కడే.

తర్వాతి వారమే బాపు హైదరాబాద్‌లో నీ దగ్గరికి వచ్చి పోయాడు. అప్పటినుంచి నీ డిటెక్టివ్ ఆ మాటే ఎత్తడం లేదు. మీరేం మాట్లాడుకున్నారో నేను అడగను. చివరి భాగంలోనైనా ఆ ప్రశ్న మళ్లీ అడిగించు. లేకపోతే నేనే అడుగుతాను, బాపు ముఖం చూస్తూ.

ఊరంతా సీరియల్ పాడైందంటోంది. నిన్న బాపు మాత్రం టీవీ ముందు కూర్చుని, "ఇప్పుడు మంచిగ రాస్తుండు మోషే" అన్నాడు.

నీ అక్క