గట్టిమేళం లేవని పెళ్లి

పాలకొల్లు,
బుధవారం.

చిరంజీవి లోకనాథ్‌ను దీవించి నాన్న రాసేది. ఇక్కడ మీ అమ్మా నేనూ కాలూ చెయ్యీ ఆడిస్తూ బాగానే ఉన్నాం. నువ్వు వేళకి తింటున్నావని అనుకుంటాను.

నీ ఉత్తరం అందింది. మూడు సంగతులు అడిగావు.

చెవి సంగతి. కుడి చెవి పోయింది. నలభై ఏళ్లు పక్కన డోలు మోగితే ఏ చెవైనా పోతుంది. ఫోన్లో మాట అందడం లేదు, అందుకే ఉత్తరం. నాది మూడో తరగతి చదువు, తప్పులుంటే సరిచేసి చదువుకో.

నీ పాటలు వింటున్నానా అన్నావు. మీ చెల్లి రామతులసి ఎడమ చెవిలో వైరు పెట్టి వినిపించింది. చెన్నై హోటల్లో వాయించినప్పటివి గేదె తాడు తెంపుకున్నట్టున్నాయి. గోవా వెళ్లాక ఆ గేదెకి దారి దొరికింది. ఒక పాటలో మన సన్నాయి గమకాన్ని సాక్సఫోన్‌లో జార్చావు. జాజ్ అంటే ఏమిటో తెలియని నాకే ఒళ్లు జల్లుమంది. ముంబైలో సొంత జట్టు పెట్టాక వచ్చినవి శుభ్రంగా ఉన్నాయి. ఆ శుభ్రమే నాకు నచ్చలేదు. భయపడేవాడి వాద్యం అలా ఉంటుంది.

నువ్వే రాశావు కదా, ఒంటరిగా వాయించాల్సిన చోట కళ్లు మూసుకోలేకపోతున్నానని, మిగతావాళ్ల చేతులు చూస్తూ నెట్టుకొస్తున్నానని, ఆ పెళ్లిలో పడ్డ తుమ్ము ఇంకా వినిపిస్తోందని. శనివారం కాకినాడ కచేరీతో సాక్సఫోన్ దించేస్తానని. ఆ ముక్క మీ అమ్మకి చదివి వినిపించలేదు.

అమ్మ చేతి మీద నూనె చిందింది, తగ్గింది. మన వీరబాబు మోకాళ్ల నొప్పులతో డోలు ఎత్తడం లేదు. ఇవి నువ్వు అడగలేదు. మూడోదానికి చెయ్యి రాక రాస్తున్నాను.

"ఆ రోజు నువ్వు నిజంగా సన్నాయి ఎత్తావా నాన్నా?" అన్నావు.

కడియంలో శివరామకృష్ణ గారి అమ్మాయి పెళ్లి. నీకు పంతొమ్మిదేళ్లు. తాళి కట్టేటప్పుడు ఏ తుమ్మూ, ఏ చెడ్డ మాటా వినపడకూడదనే కదా గట్టిమేళం. నేను సన్నాయి ఎత్తితేనే డోలు లేవాలి, అది మన మేళం కట్టుబాటు. పంతులుగారు గట్టిమేళం అన్నారు. డోలు లేవలేదు. నా పక్కన నువ్వు కళ్లు మూసుకుని నీ సన్నాయి వాయిస్తున్నావు, ఆ ఆలాపన ఒక్కటే సన్నగా సాగుతోంది. సరిగ్గా తాళి మీద తుమ్ము పడింది. పందిరంతా విన్నది.

"ఏమయ్యా పెదబాబూ, మేళం చచ్చిందా?" అన్నారు శివరామకృష్ణ గారు.

"నేను ఎత్తానండి. మావోడే ఆపలేదండి. ఇంగ్లీషు పాటల పిచ్చండి వీడికి. డోలు తడబడిపోయిందండి" అన్నాను.

నువ్వు కళ్లు తెరిచి నన్ను చూశావు. మర్నాడు చెన్నై రైలెక్కావు.

నేను ఎత్తలేదు. సన్నాయి నా ఒళ్లోనే ఉంది. నువ్వు వాయించేది నేను నేర్పింది కాదు. అది ఎటు పోతుందా అని వింటూ పంతులుగారి మాట పట్టించుకోలేదు. వీరబాబు నా చెయ్యి చూస్తూ కూర్చున్నాడు. వాడికి తెలుసు. నోరు విప్పితే మేళంలోంచి తీసేస్తానన్నాను. కొడుకు పాటకి తండ్రి మైమరచి పని మరిచాడంటే పరువు పోతుందనుకున్నాను. ఇరవై రెండేళ్లు అలాగే అనుకుంటూ కూర్చున్నాను.

ఈ ఉదయం కడియం వెళ్లాను. ఆ దంపతులు నర్సరీ పెట్టుకుని ఇద్దరు పిల్లలతో చక్కగా ఉన్నారు. శివరామకృష్ణ గారు గొట్టంతో మొక్కలకి నీళ్లు పెడుతున్నారు.

"ఆ తప్పు నాదండి. అబ్బాయిది కాదండి."

"ఎప్పటి మాటయ్యా అది? ఇప్పుడెందుకు?"

"వాడికి ఆ తుమ్ము ఇంకా వినపడుతోందండి."

ఆయన గొట్టం కింద పెట్టి, "మరి ముందు వాడికి చెప్పావా?" అన్నారు. నేను తలొంచుకుని వచ్చేశాను. బస్సు దిగి, అన్నం కూడా తినకుండా ఇది రాస్తున్నాను.

రామతులసి ఈ ఉత్తరం శుక్రవారం కాకినాడలో నువ్వు దిగే హోటల్‌కి తెచ్చి ఇస్తుంది. విసుగొచ్చి వాద్యం దించేస్తే దించెయ్, అడ్డు రాను. నా అబద్ధాన్ని నమ్మి దించకు. క్షమించమని కొడుకుని అడగడం నాకు చేతకాదు. అడిగినట్టే అనుకో.

శనివారం వస్తాం. మీ అమ్మ లోపల కూర్చుంటుంది. నేను గేటు బయట ఉంటాను. పిలిపిస్తే వస్తాను. పిలిపించకపోయినా కచేరీ అయ్యేదాకా అక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ నాన్న
పెదబాబు