నీళ్లలో ఎనిమిదో చెయ్యి

నూకాలప్పకు తమ్ముడు సింహాద్రి దండాలు పెట్టి రాస్తున్నది.

తుపాను హెచ్చరిక ఉందని తెలిసీ మన రాములన్నను వేటకు పంపినవాడు పడవ యజమాని సోమయ్య. అన్న తిరిగి రాలేదు. ఇప్పుడు "నాకు చెప్పకుండా తనే వెళ్లాడు" అని కాగితం రాయించి అమ్మ వేలిముద్ర అడుగుతున్నాడట. ఈ మాట కక్కకుండా క్షేమం అడగడానికి చెయ్యి రాలేదప్పా, ఏమీ అనుకోకు. అమ్మ అన్నం తింటోందా? నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోనులో అయితే పక్కింటివాళ్లంతా వింటారని ఉత్తరం రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను. విజయనగరంలో ఈ వీడియో గేముల కొట్టు పని కష్టమేమీ కాదు. ఎండలు మండిపోతున్నాయి. మెస్సులో పెట్టే చేప ఐసులో ఎన్నాళ్లున్నదో, తినబుద్ధి కాదు. అయినా బాగానే ఉన్నాను.

కొట్టులో ఒక పాత జపాను గేము ఉంది. వాళ్ల పురాణాల్లోని దెయ్యాలన్నీ వస్తాయి: ఒంటికన్ను గొడుగు, తోకలు విప్పిన నక్క. గుడిలో సేవ చేసే పిల్ల మంత్రం రాసిన చీటీలు విసిరి వాటిని కూలుస్తుంది. మధ్యలో ఏరు వస్తుంది. నీళ్లలోంచి తెల్లటి చేతులు లేస్తాయి. నన్ను పనిలో పెట్టడానికి వచ్చిన రోజు అన్న అది ఆడాడు. చేతులు కనబడగానే హ్యాండిల్ వదిలేసి దండం పెట్టాడు.

"కొట్రా ఎర్రిబాగులోడా!" అని కొట్టు నడిపే మావ అరిచాడు.

"నీళ్లల్లో పోయినోల్లు మావా. మనోల్లే. ఎలాగ కొడతాం?"

గేములో పిల్ల చచ్చిపోయింది. అందరూ నవ్వారు. వేటకెళ్లే ముందు సముద్రంలో పోయినవాళ్లకు దండం పెట్టడం మన రేవు అలవాటని వీళ్లకేం తెలుసు?

ఎవరూ రూపాయి బిళ్ల వేయకపోతే ఆ గేము పెట్టె తనకు తానే ఆడి చూపిస్తుంది. ఎప్పుడూ ఒకటే ఆట, పిల్ల చేతులన్నింటినీ కొట్టి ఏరు దాటుతుంది. అన్న గల్లంతైన రోజు నుంచి దాటడం లేదప్పా. ఒడ్డున ఆగిపోతోంది. పట్టపగలు, ఆ ఉషారు పాట మోగుతుండగానే, చేతులు వచ్చి మెల్లగా లాక్కుపోతున్నాయి.

"బోర్డు పాతదైపోనాదిరా, సూడకు దాన్ని" అంటాడు మావ.

దెయ్యాలు లేవని కరపత్రాలు చదివి నీతో ఎన్నిసార్లు పోట్లాడాను! అయినా నిన్న చేతులు లెక్కపెట్టాను. ఎప్పుడూ ఏడు. నిన్న ఎనిమిది.

మావ మాటే నిజం కావచ్చు. కానీ అమ్మ వేలిముద్ర పడిందా, అన్న తన తప్పువల్లే పోయినట్టు. రేపు ఇంకొకరిని అలాగే పంపినా సోమయ్యను అడిగేవాడుండడు. అమ్మను ఆ కాగితం దగ్గరకు పోనివ్వకు.

అమ్మ పాదాలకు, తాతకు నా దండాలు. నేను చేసేది తప్పు కాదని మీరు దీవిస్తే చాలు. శనివారమే బండెక్కుతాను. సోమయ్య ఆ కాగితంతో ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి వస్తానన్నాడు కదా, వేటకెళ్లే ప్రతి ఇంటికీ నువ్వే వెళ్లి చెప్పు. వాడికంటే ముందే ఆడా మగా అందరూ రావాలి. ఆ కాగితం మనందరి ముందు గట్టిగా చదవమందాం. ఆదివారం ఉదయం ఏడింటికి, రేవులో వలలు ఆరబెట్టే ఇసుక మీద.

నీ తమ్ముడు,
సింహాద్రి