మూడో స్తంభం కింద మట్టి

మార్చి 9, సోమవారం ఉదయం
మండలి సభ్యుడి గది నుంచి

బావగారికి, అక్కకు నమస్కారాలు. అక్క తన వంతు తీసుకోకపోతే మీరే తీసుకుని పక్కన పెట్టండి. మీరిద్దరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము ఉన్నాం. క్షేమం అని రాయబోయి ఆగాను.

ఫోను చేస్తే మీరు ఎత్తడం లేదు. తప్పు పట్టను. ఎత్తినా నాకు మాటలు రావు. మీ పెళ్ళిలో నేను మాట్లాడింది మొత్తం మూడు మాటలని, అందులో రెండు దగ్గులని పదిమందిలో చెప్పి నవ్వించేవారు. అందుకే రాస్తున్నాను.

గది అలాగే ఉంది. పంట లారీలు తూచే కాటా వెనకాల అదే ఇనపబల్ల, అదే బెంచీ. బెంచీ పొట్టి కాలు కింద మీరు పెట్టిన అట్టముక్క ఇంకా ఉంది. కిందటి నెలలో ముప్ఫై ఏడుగురు వచ్చారు. ఒకాయన పక్కింటి కుక్క తన కోళ్ళను తరుముతోందని వచ్చాడు. సభ్యుడుగారు వచ్చి కుక్కను మందలించాలా ఏమిటయ్యా అని గుమస్తా అడిగితే, మందలించడానికి కాకపోతే ఓటు దేనికి వేసినట్టు అన్నాడు. నవ్వాల్సిన మాటే. నాకు నవ్వు రాలేదు. ఎగువ ఊళ్ళో బోరు ఎండి నాలుగు వారాలైంది. జిల్లా ఆఫీసుకు ఆరుసార్లు తిరిగాను. కింద అడిగితే కాగితం పైకి వెళ్ళిందంటారు. పైన అడిగితే కిందికి వచ్చేసిందంటారు. మెట్ల మీద ఎక్కడ కూలబడిందో ఎవరికీ తెలియదు. ఆ ఊరివాళ్ళకు ఏం చెప్పాలో నాకూ తెలియదు.

మీరు నడిపిన రోడ్డు చదునుచేసే బండిని ఇప్పుడు కొత్త డ్రైవరు నడుపుతున్నాడు. అతనికి అంచులు తీయడం రాదు. చిన్న వానకే దారి మధ్యలో నీళ్ళు నిలుస్తున్నాయి. ఇరవై రెండేళ్ళు ఆ నీళ్ళు ఎందుకు నిలవలేదో జనానికి ఇప్పుడు తెలుస్తోంది. కానీ పైకి ఎవరూ అనరు. కూలిన వాగు వంతెన సంగతి వస్తే మాత్రం, రోజూ దాని మీద తిరిగినవాడికి కళ్ళు లేవా అంటారు. నేను అక్కడే ఉంటాను. నోరు విప్పను.

వంతెన కూలినదాని మీద విచారణ జరిగిన రోజు మీరు చెప్పింది ఒక్కటే. ఎన్నికలకు రెండు వారాల ముందు పెట్రోలు బంకు దగ్గర బండి ఆపి, మూడో స్తంభం కింద మట్టి కొట్టుకుపోయింది, దారి మూయించమని నాకు చెప్పానన్నారు. మన పద్ధతి అది. మీరు చూసింది చెబుతారు, నేను రాసుకుని ఆఫీసుకు తీసుకెళతాను. నాకు అర్జీ రాయడం రాదు, నా కలం మా బావమరిది జేబులో ఉంటుంది అనేవారు. అధికారి నా వైపు తిరిగాడు. పందొమ్మిదేళ్ళుగా ఏ రోజుది ఆ రోజు రాసుకున్న పుస్తకాల్లో ఆఖరిది నా ఒళ్ళో ఉంది. అందులో లేనిది ఈ చుట్టుపక్కల జరగనట్టేనని గుమస్తా గర్వంగా అన్నాడు. ఆ రోజు పేజీ చదవమన్నారు. చదివాను. నేను చదివినదాంట్లో మీ మాట లేదు. పుస్తకం ఇలా ఇవ్వమని కూడా అధికారి అడగలేదు.

మీరు నన్ను చూశారు. లేచి బయటికి నడిచారు. అక్క మాత్రం గుమ్మం దగ్గర ఆగి, బడి లేని నీకు వంటింటి నేల మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించింది నేనేరా అంది. మీ ఉద్యోగం పోవడం, మీరు ఇల్లు ఖాళీ చేసి గోదాము కాపలాకు వెళ్ళడం ఆ తర్వాతి పేజీల్లో ఉన్నాయి. అవన్నీ పొల్లుపోకుండా రాశాను.

వంతెనతో పాటు వాగులో పోయిన పాలవ్యాను డ్రైవరు భార్య ప్రతి గురువారం వచ్చేది. తన ఇద్దరు ఆడపిల్లలు బడికి వెళ్ళడానికి వాగు మీద చెక్క దారి కావాలని అడిగేది. ఎలాగో వేయించాను. ఈ ఏడు నేను పూర్తి చేయించిన పని అదొక్కటే. మొన్న గురువారం చల్లగా ఉండండని చెప్పడానికి వచ్చింది. వెళ్ళబోతూ, మీ బావకు నోరు పడిపోయిందా అండీ, ఒక్క మాట చెప్పి ఉంటే మా ఆయన ఆ పొద్దున చుట్టుదారిన పోయేవాడు కదా అంది. ఇది కూడా రాసుకోండి, మీరు రాస్తే నిజం పోదు అంది. ఆమె ఎదురుగానే రాశాను.

ఆ తర్వాత శుక్ర, శని, ఆదివారాల పేజీలు ఖాళీగా ఉన్నాయి. పందొమ్మిదేళ్ళలో ఎప్పుడూ ఇలా లేదు.

ఇక ఈ పదవిలో ఉండను. ఉన్నా ఎవరికీ పనికిరాను. అక్కకు ఇది చూపించవద్దు. ఉత్తరం వచ్చిందని మాత్రం చెప్పండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. సంతకం పెట్టాక చూసుకుంటే రాయవలసిన మాట ఒక్కటీ రాయలేదు. అధికారి చదవమన్న ఆ పేజీలో నాలుగో వరస ఇది: "బావ బంకు దగ్గర కలిశాడు. వాగు వంతెన మూడో స్తంభం కింద మట్టి లేదు. వెంటనే దారి మూయాలన్నాడు. ఎన్నికలయ్యాక చూడాలి." విచారణలో మూడో వరస చదివి ఐదో వరసకు వెళ్ళాను. దారి మూస్తే వాగు అవతలి ఊళ్ళ పంట లారీలు ముప్ఫై కిలోమీటర్లు చుట్టు తిరగాలి. అప్పుడు ఆ ఊళ్ళు నాకు ఓటు వేయవు. నలభై రెండు ఓట్లతో గెలిచాను. గెలిచిన ఎనిమిదో రోజు వంతెన కూలింది.

ఇంతవరకు రాసి, ఉత్తరం బల్ల మీదే వదిలి, పుస్తకం తీసుకుని పాలవ్యాను డ్రైవరు ఇంటికి వెళ్ళాను. ఆ పేజీ తెరిచి అతని భార్య చేతికిచ్చాను. గుమ్మంలో నిలబడే రెండుసార్లు చదివింది. నన్ను తిట్టలేదు. విచారణ అధికారికి తనే ఇస్తానని పుస్తకం లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. మీ బండి మీకు తిరిగి వస్తుందో రాదో నేను చెప్పలేను. నేను చెబితే ఎవరు నమ్మాలి?

ఈ రోజు జరిగింది రాసుకోవడానికి నా దగ్గర పుస్తకం లేదు. అందుకే ఇక్కడ రాశాను.