చిన్న బూట్ల సాక్ష్యం

అమ్మకు,

నీ చిన్నకూతురు నమస్కరించి రాసేది. మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నాన్న మోకాలు ఎలా ఉంది? నీ ఉత్తరం సోమవారం అందింది. నాలుగు ప్రశ్నలు వేశావు, అందులో మూడు ఒకటే ప్రశ్న.

తేలికైనదానికి ముందు జవాబు రాస్తాను. అవును, మీ అల్లుడు ఇప్పటికీ వంట చేస్తున్నారు, ఇప్పటికీ ఉప్పు మర్చిపోతున్నారు. ఇక పిల్ల సంగతి. నీ ఉత్తరం అందే రోజుకి అది ఇంకా నడవలేదు. పదిహేను నెలలు నిండాయి. డాక్టరుకు చూపిస్తే, కాళ్లు గట్టిగానే ఉన్నాయి, తొందరపడొద్దు అన్నారు. మా అత్తగారు మాత్రం ఫోను చేసినప్పుడల్లా, "తల్లి దగ్గర పెరిగే పిల్లలు పదకొండో నెలకే పరిగెడతారు" అంటారు. నాతో కాదు, వాళ్లబ్బాయితో. నాకు వినపడేలా.

నేను చెప్పుల కొట్టులో పనిచేస్తున్నానని అందరికీ చెబుతున్నావట. కొట్టు కాదమ్మా. కొన్నవాళ్లు నచ్చలేదని వెనక్కి పంపిన బూట్లన్నీ మా గదికి వస్తాయి. "ఒక్కసారి కూడా వేసుకోలేదు" అని ప్రతి పెట్టెలోనూ ఒక చీటీ. వాటిని తిప్పి అడుగుభాగం చూసి, నిజమో కాదో తేల్చడం నా పని. ఇంట్లో నాలుగడుగులు వేసి చూశారా, వారం రోజులు వీధుల్లో తిరిగి తుడిచి పంపారా అన్నది నా దగ్గర దాగదు. ఆరేళ్లుగా అబద్ధాలు తిరగేస్తున్న మనిషికి అనుమానం ఒంటబట్టకుండా ఎలా ఉంటుంది? "నీకు మనుషులు కూడా వెనక్కొచ్చిన సరుకులాగే కనపడతారు" అంటారు మీ అల్లుడు.

పోయిన వారం పిల్ల బూట్లు తుడుస్తూ ఆగిపోయాను. పాకే పిల్లల బూట్లు ముందువైపు, వేళ్ల పైభాగాన గీసుకుపోతాయి. అడుగు కొత్తగానే ఉంటుంది. దీనివి మడమ దగ్గర అరిగాయి. రెండూ ఒకేలా అరిగాయి. ఆ బూట్లు వేరే ఎవరివైనా అయితే, క్షణం ఆలోచించకుండా "నడిచినవి" అని రాసి పక్కన పడేసేదాన్ని.

పొద్దున ఎనిమిదింటికి పిల్లను ఆయమ్మ ఇంట్లో వదిలి, సాయంత్రం ఆరింటికి తెచ్చుకుంటాను. ఆవిడది ఇంచుమించు నీ వయసే. ముందుగదిలో ఏడుగురు పిల్లల్ని చూస్తుంది. ఆ సాయంత్రం ఏమీ ఎరగనట్టు, "ఇవాళ పిల్లలేం చేశారు ఆయమ్మా?" అన్నాను.

"లేదమ్మా, ఇంకా నడవలేదు" అంది.

నడక మాట నేను ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

ఇక అప్పట్నుంచి అన్నీ అనుమానాలే. నేను గేటు తీసిన చప్పుడుకి లోపల చప్పట్లు ఆగిపోతాయి. తలుపు తెరిచేసరికి పిల్ల ఎప్పుడూ ఆవిడ ఒళ్లోనే ఉంటుంది. నా పిల్ల బూట్లు ఇంకెవరికైనా తొడుగుతోందా? పిల్లను బలవంతంగా నడిపిస్తోందా? లేక పిల్లకు నాకంటే ఆవిడే ఎక్కువైపోయిందా? ఈ మూడోది మీ అల్లుడికి కూడా చెప్పలేదు.

ఇక్కడితో ముగించి అంటించేద్దామనుకున్నాను. నీ దగ్గర దాచి ఎక్కడికి పోతాను? రాసేస్తున్నాను. గురువారం మా సూపర్‌వైజరుకు కడుపునొప్పని అబద్ధం చెప్పి మూడింటికే బయటపడ్డాను. సంచిలో రాజీనామా కాగితం ఉంది. ఆ ఇంట్లో ఏదో జరుగుతోందని తేలితే మర్నాడే ఇచ్చేద్దామని రాసుకున్నాను. నీ కూతురు గోడ పక్కన నక్కి, కిటికీలోంచి లోపలికి తొంగి చూసిందమ్మా.

పిల్ల నడుస్తోంది. ఆ గోడ నుంచి ఈ గోడకు, చేతులు ఊపుకుంటూ, ఎన్నాళ్లుగానో నడుస్తున్నదానిలా.

తలుపు తోసుకుని లోపలికెళ్లి, ఏడుగురు పిల్లల ముందూ ఆవిడ్ని దొంగ అన్నాను. నా బిడ్డ నడకను నాకు లేకుండా చేశావన్నాను. 'మీరు' అనడం కూడా మర్చిపోయాను. పిల్లలు ఏడుపు అందుకున్నారు. ఆయమ్మ వాళ్లను సముదాయించి, అప్పుడు నా వైపు తిరిగింది.

"మూడు వారాలైంది" అంది. "ఇరవై రెండేళ్లుగా ఏ తల్లికీ చెప్పలేదు. పొద్దంతా పనిచేసి వచ్చినదానితో, నీకంటే ముందు నేనే చూశానని ఎలా చెప్పను? ఒకటి రెండు రోజుల్లో పిల్లలు ఇంట్లోనూ నడుస్తారు. తల్లి నవ్వుకుంటూ వచ్చి చెబుతుంది. అవునా అంటాను. మీ పిల్లకే ఇన్నాళ్లు పట్టింది. నాకూ భయం పట్టుకుంది."

"మరి మా ఇంట్లో ఎందుకు నడవదు?"

"చంకనేసుకుని తీసుకెళ్తావు, చంకలోనే తెస్తావు. మధ్యలో ఎప్పుడైనా కింద దింపావా తల్లీ?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆవిడన్నది నిజమే. ఆరింటికి ఎత్తుకుంటే నిద్రపోయేదాకా దింపను. ఆదివారాలూ అంతే. అది కిందికి జారబోయినా ఇంకా గట్టిగా పట్టుకుంటాను. రోజంతా దూరంగా ఉంటున్నానన్న బాధ నన్ను దింపనివ్వదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానమ్మా.

క్షమించమని అడిగాను. ఏడ్చాను కూడా. "బూట్లు చూసి పట్టేశావా? ఇకమీదట పిల్లల్ని ఉత్తకాళ్లతోనే ఉంచాలి" అంది ఆయమ్మ. మర్నాడు కూడా ఎనిమిదింటికే తీసుకురమ్మంది.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా పిల్లను గది మధ్యలో దింపాను. ఎత్తుకోమని చేతులు చాచింది. నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నిలబడటం కష్టమైంది. కాసేపటికి ఏడుపు మానేసి, నన్ను దాటుకుని వంటింటి వైపు ఏడడుగులు వేసింది. మీ అల్లుడు గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చి దాన్ని ఎత్తుకున్నారు. వెంటనే వాళ్లమ్మకు ఫోను చేసి, "ఇప్పుడే, మా కళ్లముందే, మొదటి అడుగు" అని చెప్పారు. నేను పక్కనే ఉండి, కాదనలేదు. ఆయనకు ఇప్పటికీ తెలియదు. రాజీనామా కాగితం చించేశాను.

ఒక్క మాటమ్మా. నువ్వు టెలిఫోను ఆఫీసుకు వెళ్లే రోజుల్లో పక్కింటి అత్తయ్య నన్ను చూసుకునేది కదా. ఓ సాయంత్రం నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి, సంచి ఇంకా భుజాన ఉండగానే నేను మొదటి అడుగు వేశానని ఎన్నిసార్లు చెప్పావో. నువ్వు చెబుతున్నంతసేపూ అత్తయ్య తలొంచుకుని నవ్వుకునేది. ఎందుకో అప్పట్లో నాకు తెలియలేదు. ఇప్పుడు ఆవిడ ఎదురుపడితే ఏమీ అడగకు. నువ్వు చూసిందే మొదటిది.

ఇట్లు,
నీ చిన్నకూతురు