ఆదివారం నాలుగు గంటల శ్రోత

మౌంట్ ఆల్బర్ట్,
10 జూన్ 2024

ప్రియమైన శ్రీనివాసులూ,

ఫోను చేస్తే ఎత్తవు. మెసేజి పెడితే "ఉత్తరం రాయరా, ఉత్తరంలో నీ గొంతు బాగుంటుంది" అంటావు. ఆరేళ్లుగా ఇదే వరుస. సరే, రాస్తున్నాను.

మన రేడియో గంటకు గండం వచ్చిందిరా. న్యూ లిన్ స్టేషన్‌లో ఇప్పుడు కార్యక్రమాలన్నీ ప్రణీత అనే అమ్మాయి చూస్తోంది. ఇక్కడే పుట్టిన పిల్ల. నేను తెలుగులో మాట్లాడితే తను ఇంగ్లీషులో జవాబిస్తుంది. మొన్న మాత్రం కష్టపడి తెలుగులోనే అడిగింది: "అంకుల్, మీది ఎవరు వింటారు?" అని. అంత మెత్తగా అడిగింది కాబట్టి కోపం కూడా తెచ్చుకోలేకపోయాను. జూలై ఆఖరుకల్లా మన కార్యక్రమం చరిత్ర రాసివ్వాలట, వినేవాళ్లున్నారని రుజువు చూపించాలట. లేకపోతే ఆదివారం నాలుగు గంటల సమయం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

చరిత్రంటే ఏముంది? 2003లో నువ్వూ, నేనూ, ఒక క్యాసెట్ల పెట్టె. బస్సుల చప్పుడు లోపలికి రాకుండా మీ ఆవిడ సీతారత్నం కుట్టిన బొంతలు గోడలకు వేలాడదీశాం. అందులో ఒకటి తర్వాత నా చిల్లర కొట్టు వెనకగదికి చేరితే, ఒక పిల్లి దాని మీద రెండుసార్లు ఈనింది. అది వేరే చరిత్ర. మొదటిరోజు ఇరవై నిమిషాలు దంచి మాట్లాడాక తెలిసింది, మైకు మీట లేపలేదని. అప్పుడు నువ్వు "మంచిదే, మళ్లీ చెప్పు, ఈసారి ఇంకా బాగా అబద్ధమాడతావు" అన్నావు.

రికార్డింగులన్నీ నిరుడు జనవరి వరదలో నానిపోయాయి. ఒక్క ఆదివారం కూడా మిగల్లేదు. ఇక మిగిలిన రుజువు నువ్వే. ఈ దేశం దక్షిణ కొసకు, ఇన్వర్‌కార్గిల్‌కు వెళ్లిపోయి కూడా ఇంటర్నెట్‌లో ఒక్క వారం కూడా తప్పకుండా వింటున్న మనిషివి. ఒక పేజీ రాసి పంపు. మా ఇంటిది పోయినప్పటి నుంచి వారమంతా ఆ గంట చుట్టూనే కట్టుకున్నాను. అది పోతే సోమవారం ఎందుకు లేవాలో నాకు తెలియదు.

ఎదురుచూసే,
కిష్టయ్య

*

ఇన్వర్‌కార్గిల్,
19 జూన్ 2024

ప్రియమైన కిష్టయ్యా,

జూన్ వచ్చిందంటే ఇక్కడ పొద్దున లేస్తే కారు అద్దం మీద మంచు గీకడమే పని. చలికి రత్నం మోకాళ్లు పట్టేస్తున్నాయి. నేను బాగానే ఉన్నాను.

నీ గంట ఎవడు తీస్తాడురా? పేజీ కాదు, అంతకంటే పెద్దదే పంపుతాను. కాస్త ఆగు. చూసి నీ ప్రణీత కుర్చీలోంచి లేవాలి.

మొన్న ఆదివారం శ్రీజ అనే అమ్మాయి పాడిన పాట హాయిగా ఉంది. పాస్‌పోర్టు ఆఫీసులో నువ్వు పుట్టిన తేదీ మరిచిపోయిన కథకు చాలాసేపు నవ్వాను. ఆ కథ నువ్విప్పటికి ఆరుసార్లు చెప్పావు. ఆరుసార్లూ తేదీ మారింది.

నీ వాడు,
శ్రీనివాసులు

*

మౌంట్ ఆల్బర్ట్,
8 జూలై 2024

ప్రియమైన శ్రీనివాసులూ,

ఈసారి రెండే ముక్కలు. నిన్నటి కార్యక్రమం ఎలా ఉంది? మొహమాటం వద్దు. ఉన్నదున్నట్టు రాయి.

కిష్టయ్య

*

ఇన్వర్‌కార్గిల్,
13 జూలై 2024

ప్రియమైన కిష్టయ్యా,

నీతో నాకు మొహమాటమేమిటి? చాలా బాగుంది. పాత పాటలు బాగా ఎంచావు. ఈమధ్య పాటలు తగ్గించి ఊకదంపుడు పెంచావని చెబుదామనుకుంటున్నాను, ఇంతలో నువ్వే సర్దుకున్నావు. ఇలాగే నడిపించు.

పార్శిలు కట్టి పెట్టాను. రత్నం పోస్టులో వేస్తుంది.

నీ వాడు,
శ్రీనివాసులు

*

మౌంట్ ఆల్బర్ట్,
20 జూలై 2024

ప్రియమైన కీర్తిశేషుడికి,

జూలై ఏడో తారీకు సాయంత్రం నాలుగింటికి నువ్వు చచ్చిపోయావు. నేనే చంపాను.

"మన కార్యక్రమాన్ని నాతో కలిసి మొదలుపెట్టిన శ్రీనివాసులు గారు ఇన్వర్‌కార్గిల్‌లో కన్నుమూశారు" అని చదివాను. గొంతు కూడా కాస్త వణికించాను. నిమిషం మౌనం పాటించాను. రెండు పాత పాటలు వేశాను. తర్వాత నీ గురించి నాలుగు మాటలు చెప్పమని నలభై నిమిషాలు ఫోన్ లైను తెరిచిపెట్టాను. ఒక్క ప్రాణీ ఫోను చేయలేదు. కాదు, ఒకటి వచ్చింది. అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, మాట లేదు. "రేడియో తగ్గించి మాట్లాడండమ్మా" అన్నాను. పెట్టేశారు. నీ చావుకున్న గిరాకీ అది. నువ్వు మాత్రం "చాలా బాగుంది" అన్నావు.

ఎందుకు చేశానంటావా? ఆ శ్రీజ పాడుతున్నంతసేపూ మైకు కీచుమంటూనే ఉంది. స్టేషన్ పక్కింటి తెల్ల ముసలాయన ఏ పంది అరుస్తోందని అడిగాడు. నీకేమో హాయిగా ఉంది! అప్పుడే అనుకున్నాను, వీడు వినట్లేదని. ఆరేళ్ల నీ మెచ్చుకోళ్లన్నీ బయటికి తీసి మళ్లీ చదివాను. ఒక్కదాంట్లోనూ నా గొంతు గురించి లేదు. జలుబు చేసినప్పుడు కూడా లేదు. ఇన్నాళ్లూ నేను గోడకు కథలు చెప్పాను, నువ్వు గోడ తరఫున ఉత్తరాలు రాశావు.

ప్రణీత నాకు సంతాపం చెప్పింది. థాంక్స్ అన్నాను. చరిత్ర కూడా రాసిచ్చేశాను. అందులో నీ పేరు లేదు. మొదలుపెట్టింది నేనొక్కడినే. పోయినవాడు వచ్చి కాదనడు కదా. రుజువులంటావా, ఈ నెలాఖరులోగా తెస్తానని బొంకాను. నీ పార్శిలు రాలేదు. రాదని కూడా తెలుసు.

నీకు ఇంకేమీ కాని,
కిష్టయ్య

*

ఇన్వర్‌కార్గిల్,
29 జూలై 2024

కిష్టయ్య అన్నయ్యగారికి,
సీతారత్నం నమస్కారాలు.

మీ ఉత్తరం ఆయన చూడలేదు. పోస్టు డబ్బా తీసేది నేను.

కార్ల వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు రేకుల మోత తిన్న చెవులు ఆయనవి. ఆరేళ్ల కిందట రెండూ పోయాయి. చెవి మిషన్లు పెట్టించాం, పనిచేయలేదు. మీకు చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. "నేను వినట్లేదని తెలిస్తే వాడు మానేస్తాడే" అన్నారు.

అందుకని నేను విన్నాను. ఆదివారం నాలుగింటికి వంటింటి బల్ల దగ్గర నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే, ఆయన ఎదురుగా కూర్చుంటారు. మీరు చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో రాస్తాను, ఆయన తలకిందులుగానే చదివేస్తారు. మీ జోకు అయిన అర నిమిషానికి ఆయన నవ్వుతారు. మీ తప్పులు నేను రాయను. మైకు కీచుమన్నదీ రాయలేదు. మీ గురించి ఆయన దిగులు పడతారని.

ఏడో తారీకున కూడా పెన్సిలు పట్టుకునే ఉన్నాను. మా ఆయన పోయారని మీరు చెప్పారు. ఆయన బల్ల మీద వేళ్లతో కొట్టి "ఏమన్నాడే?" అన్నారు. "పాత పాటలు వేస్తున్నారు" అని రాశాను. లేచి హాల్లోకి వెళ్లి మీకు ఫోను చేశాను. తిడదామని. మీరు రేడియో తగ్గించమన్నారు, పెట్టేశాను. తిరిగివచ్చేసరికి ఆయన నా మొహం చూసి, మీరేదో పెద్ద జోకు వేశారనుకుని ముందుగానే నవ్వుతున్నారు. మిగతా గంటంతా పాటల పేర్లు కల్పించి రాశాను. మీకు వచ్చిన మెచ్చుకోలు ఆ పాటలకే.

ఆ పార్శిలు గురించి కూడా చెప్పాలి. అవి నేను రాసిన పుస్తకాలు, పదకొండు. ఆరేళ్ల ఆదివారాలు, తేదీలతో, పాటలతో, మీ పాస్‌పోర్టు కథ ఆరు రకాలుగా. మీకు కావలసిన చరిత్ర అదే. నా చేతిరాతేమిటని మీరు అడిగితే, "రత్నం సరదాకి రాసుకుంది" అని చెబుదామనుకున్నారు. తాడు ఆయనే కట్టారు, పైన మీ అడ్రసు ఆయనే రాశారు. పోస్టులో వేశానని చెప్పాను. వేయలేదు. ఏం చేయాలో తెలియక కారు డిక్కీలోనే దాచాను. మీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఆయన నడకకు వెళ్లినప్పుడు తీసుకొచ్చి పొయ్యిలో పెట్టాను. పదకొండూ కాలడానికి చాలాసేపు పట్టింది. ఇల్లు వెచ్చగా ఉందని వచ్చి సంతోషించారు.

పార్శిలు అందిందని ఆయనకు రాయండి. చాలా ఉపయోగపడిందని కూడా రాయండి.

నిన్న నేను రేడియో పెట్టలేదు. ఇక పెట్టను. నాలుగింటికి ఉత్త హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని నాకు తోచింది రాశాను. చిన్నప్పుడు మీరు మీ నాయనమ్మతో చెరువు చేపలకు వెళ్లి చెప్పు పోగొట్టుకున్నారని, ఆ సాయంత్రం ఆవిడ పెట్టిన పులుసు ఇప్పటికీ నోట్లో ఉందని రాశాను. ఆయనకు నవ్వి నవ్వి కళ్లనీళ్లు వచ్చాయి. "ఈమధ్య వాడు ఇంత బాగా చెప్పలేదు" అన్నారు.

మీకు ఆ గంట ఉంటుందో పోతుందో నాకు తెలియదు. ఇక్కడ మాత్రం ఆగదు. ఈ వారంలో ఆయన ఉత్తరం వస్తుంది, ఆ పులుసు ఎలా పెడతారని అడుగుతూ. జవాబు రాయండి.

ఇట్లు,
మీ చెల్లెలు
సీతారత్నం