డ్రోన్ మా మీదికే వచ్చింది

మంగళవారం, రాత్రి

మందు కొట్టే డ్రోన్ నడపడం నేర్పిస్తున్నారని నేనూ, మా మహిళా సంఘంలోని కవితక్కా లింగాల ఘనపూర్ దగ్గరి పొలానికి వెళ్లాం. ఇవాళ రిమోట్ నా వంతు. ట్యాంకులో నీళ్లే నింపారు. డ్రోన్ వరి మడి చివరిదాకా వెళ్లి మా వైపు తిరిగింది. దూరంగా పంపబోయి మీట ముందుకు తోశాను. అది గట్టు మీదున్న మా మీదికే దూసుకొచ్చింది. దాని ముఖం మా వైపుంటే ముందుకు అంటే మా మీదికే అని నేర్పేవాళ్లు నిన్ననే చెప్పారు. ఆ క్షణంలో నాకు తోచలేదు. కవితక్క నన్ను పక్కకు నెట్టింది. గిర్రున తిరిగే దాని రెక్క ఆమె ముంజేతిని చీల్చింది. అంత రక్తం నేనెన్నడూ చూడలేదు.

జనగామ ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని బయటికొస్తూ అక్క అడిగిన మొదటి మాట, "నీకేం తాకలేదు గదా, చెల్లె?"

లేదన్నట్టు తల ఊపాను.

"రేపు మల్ల డ్రోన్ నువ్వే లేపాలె. నువ్వు భయపడి ఇంట్ల కూసుంటే, నా చెయ్యి ఉత్తగనే తెగినట్టయితది."

సరే అన్నాను. ఇంటికొచ్చాక తిరుగుతున్న ఫ్యాను చూడలేక ఆపేశాను. పిల్లలు ఉక్కకు పొర్లుతున్నారు. లేచి వేద్దామంటే చెయ్యి స్విచ్ దాకా పోవడం లేదు...